బొగ్గుల పొయ్యి లేని ఇంట్లో బార్బెక్యూ కోడి

బార్బెక్యూ అన్న మాట కొత్తదే గానీ, నిప్పుల సెగన మాంసం కాల్చుకోవడం మన ఇళ్లకు కొత్త కాదు. హైదరాబాదులో రాతి పలకను వేడెక్కించి చేసే పత్తర్ కా గోష్త్, సీకులకు గుచ్చి కాల్చే కబాబులు అన్నీ ఆ కోవలోవే. చిక్కల్లా అపార్టుమెంట్లతో వచ్చింది. మిద్దె మీద బొగ్గులు రాజేస్తే పొరుగువారు ఒప్పుకోరు. తలుపులు మూసిన వంటింట్లో రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువు ప్రాణం మీదికే తెస్తుంది. అందుకే చాలామంది సోదరీమణుల చూపు మైక్రోవేవ్ మీద పడుతోంది.

అయితే మామూలు మైక్రోవేవ్ కోడిని ఉడికిస్తుందే తప్ప కాల్చదు. 1945లో అమెరికాలో రాడార్ పరికరాల మీద పనిచేస్తుండగా పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు కనిపెట్టిన పద్ధతి ఇది. తరంగాలు మాంసంలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయి. తడి ఉన్నంతసేపు పైపొర 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రగా కాలి ఘుమఘుమలాడాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. కాబట్టి మీ ఓవెన్‌లో గ్రిల్ గానీ, కన్వెక్షన్ గానీ ఉన్నదీ లేనిదీ ముందుగా చూసుకోండి.

కిలో కోడి కాళ్లు తీసుకుని ఎముక తగిలేలా గాట్లు పెట్టండి. పెరుగును పలుచని గుడ్డలో గంటసేపు వేలాడగట్టి నీరు తీసేయాలి. మేము ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నీళ్ల పెరుగు పట్టిస్తే ఓవెన్‌లో ఆవిరి నిండి ముక్క కూరలోదానిలా తేలుతుంది. ఆ గట్టి పెరుగులో అల్లం వెల్లుల్లి ముద్ద, కాశ్మీరీ కారం, గరం మసాలా, ఉప్పు, నిమ్మరసం, రెండు చెంచాల నూనె కలిపి పట్టించి, నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఎర్ర రంగు పొడి ఎందుకో మాకు ఇంతవరకూ అర్థం కాలేదు, కాశ్మీరీ కారమే చాలు.

ఇక సాసు. విదేశాల నుంచి బంధువులు తెచ్చే బార్బెక్యూ సాసుల్లో కొన్నింటిలో విస్కీ కలుస్తుంది. సీసా మీది వివరాలు చదవకుండా మూత తీయకండి. అసలు కొనే అవసరం కూడా లేదు. టమాటా గుజ్జు, చిక్కని చింతపండు రసం, బెల్లం, కాస్త మిరియాల పొడి కలిపి దగ్గరపడేదాకా ఉడికిస్తే ఇంటి సాసు తయారు. బెల్లం తొందరగా మాడుతుంది గనుక దీన్ని చివరి ఐదు నిమిషాల్లోనే పూయాలి. పచ్చి కోడి ఊరిన మసాలాను మాత్రం పైపూతకు వాడకూడదు.

కన్వెక్షన్ ఉంటే ముందుగా 200 డిగ్రీలకు వేడిచేసి, జాలీ మీద ముక్కలు పేర్చి, మధ్యలో ఒకసారి తిప్పుతూ అరగంట కాల్చండి. ఉత్త మైక్రోవేవ్ అయితే గాజు పళ్లెంలో ముక్కల లావు కొసలు అంచుల వైపు, సన్నని కొసలు నడిమికి వచ్చేలా పెట్టి, మూతవేసి, మధ్యస్థ పవర్‌లో ఉడికించండి. ఐదు నిమిషాలు అలాగే ఉంచి, ఆ వెంటనే ఇనుప పెనం మీద పెద్దమంటన ఎర్రగా కాల్చాలి. సగం ఉడికించి సాయంత్రం అతిథులు వచ్చాక కాల్చుదాంలే అనుకోవద్దు, ఆ గోరువెచ్చదనంలోనే క్రిములు పెరుగుతాయి.

మైక్రోవేవ్‌తో అసలు ప్రమాదం ఎముక దగ్గరే. పైన పొగలు కక్కుతున్నా లోపల అక్కడక్కడా పచ్చిగా మిగలవచ్చు. సాల్మొనెల్లా వంటి క్రిములు పసిపిల్లలనూ, గర్భిణులనూ, వృద్ధులనూ ఎక్కువగా బాధిస్తాయి. రంగును నమ్మవద్దు. వంట థర్మామీటరును లావైన చోట, ఎముకకు ఆనకుండా గుచ్చితే 74 డిగ్రీలు చూపాలి. అది లేనివారు ముక్కను కోసి ఎముక వరకూ చూసుకోవాలి. ఏమాత్రం అనుమానమున్నా మళ్లీ ఉడికించడమే.

పొగవాసన కావాలా? కిటికీలు తెరిచి ఒకే ఒక్క బొగ్గును స్టవ్ మీద ఎర్రగా కాల్చండి. వండిన ముక్కలున్న గిన్నె నడుమ చిన్న స్టీలు కటోరీలో దాన్ని పెట్టి, అరచెంచా నెయ్యి వేసి, వెంటనే మూత పెట్టండి. ఐదు నిమిషాలు చాలు, అంతకు మించితే చేదెక్కుతుంది. ఇదంతా ఓవెన్ బయటే సుమా! కటోరీనీ బొగ్గునూ లోపల పెట్టేరు!

మిగిలిన ముక్కలను రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొగలు వచ్చేదాకా వేడిచేసి వడ్డించండి.