పురమాయిస్తే సృష్టించినట్టేనా?

పాతకాలపు నాటకశాల లాంటి చోట పొడవాటి దుస్తుల్లో కొందరు నిలబడి, పెద్ద గుండ్రటి కిటికీ అవతలి వెలుగు వైపు చూస్తుంటారు. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర సంతలో డిజిటల్ కళ విభాగంలో మొదటి బహుమతి ఈ బొమ్మకే వచ్చింది. జేసన్ అలెన్ దీన్ని మిడ్‌జర్నీ అనే ఏఐ చేత గీయించారు. మాటలు మార్చి మార్చి కనీసం 624 సార్లు అడిగానన్నారు, ఆపైన ఫొటోషాప్‌లో దిద్దారు. ఏఐ గీసిన భాగాన్ని వదులుకుంటేనే కాపీరైట్ నమోదు చేస్తామని అక్కడి కాపీరైట్ కార్యాలయం చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. 2023 సెప్టెంబరులో కార్యాలయం దరఖాస్తును తోసిపుచ్చింది. నాకు ఆ నిర్ణయం న్యాయంగానే తోస్తుంది. బొమ్మ పురమాయించినవారు ఎన్ని మార్పులు చెప్పినా దానికి కర్త గీసిన చిత్రకారుడే. ఇక్కడ గీసింది మనిషి కాదు కాబట్టి ఆ గీతలకు కర్తే లేడు.

డబ్బు కట్టాం, బొమ్మ మీదేనని ఏఐ కంపెనీ నిబంధనల్లో ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ నిబంధన కంపెనీకీ వాడుకునేవారికీ మధ్య ఒప్పందం, అంతవరకే. ఆ బొమ్మనే ఇంకొకరు తమ సరుకు మీద అచ్చేసుకుంటే ఆపడానికి చట్టమిచ్చే కాపీరైట్ కావాలి. చట్టం ఇవ్వని హక్కును కంపెనీ రాసివ్వలేదు. ముఖచిత్రం మీద సర్వహక్కులూ కొన్నాననుకునే ప్రచురణకర్త ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

కెమెరా కూడా యంత్రమే కదా అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. రచయిత ఆస్కార్ వైల్డ్ ఫొటో తీసిన నెపోలియన్ సరోనీకి 1884లో అమెరికా సుప్రీంకోర్టు హక్కు ఇచ్చింది. అయితే వైల్డ్ ఎలా కూర్చోవాలో, దుస్తులేమిటో, వెలుగునీడలు ఎలా పడాలో సరోనీయే అమర్చాడు. ఏఐకి అవే మాటలు రెండుసార్లు చెబితే మామూలుగా రెండు వేర్వేరు బొమ్మలొస్తాయి. ఆ తేడాను నిర్ణయించింది అడిగినవారు కాదు. ఇక 624 సార్ల శ్రమ అంటారా, ఒట్టి శ్రమకు కాపీరైట్ రాదనీ కొంతైనా సృజన ఉండాలనీ మన సుప్రీంకోర్టు కూడా 2007లోనే, ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది.

మన చట్టంలో 1994 సవరణతో చేరిన మాట ఒకటుంది: కంప్యూటర్ పుట్టించిన కృతికి, అది పుట్టడానికి కారకుడైన వ్యక్తే కర్త. దీన్ని చూపి ప్రాంప్ట్ (ఏఐకి చెప్పే మాటలు) రాసినవారికే హక్కు అనేవారున్నారు. ఆ మాట కర్త ఎవరో చెబుతుందే తప్ప, కృతిలో సృజన ఉందా అన్న పరీక్షను తీసేయదు. ఆ పరీక్షలో నెగ్గే దారి లేకపోలేదు. 2025 జనవరిలో 'ఎ సింగిల్ పీస్ ఆఫ్ అమెరికన్ చీజ్' అనే ఏఐ బొమ్మ అమెరికాలో నమోదైంది. దాన్ని తయారుచేసినవారు ఒక్కో ముక్కనూ ఎక్కడ మార్చారో, దేన్ని ఎంచుకున్నారో వీడియో తీసి చూపించారు. ఆ ఎంపికకూ కూర్పుకూ మాత్రమే హక్కు దక్కింది.