కంపెనీల వెంటే వీసాలు.. డబ్లిన్‌నే చూడండి!

ఎంఎస్‌కి ఏ దేశం వెళ్లాలి? మనవాళ్లు ముందు యూనివర్సిటీ ర్యాంకు, ఫీజు చూస్తారు. ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఆ ఊళ్లో విదేశీ కంపెనీలు ఎందుకు పెట్టుబడి పెట్టాయి? చదువయ్యాక వచ్చే ఉద్యోగం, వీసా చాలావరకు దాని మీదే ఆధారపడతాయి.

ఐర్లాండ్‌నే తీసుకోండి. 1980ల్లో అక్కడి యువతే పని కోసం లండన్‌కో, అమెరికాకో వెళ్లిపోయేది. తర్వాత సీన్ మారింది. 1985లో మైక్రోసాఫ్ట్, 1989లో ఇంటెల్ డబ్లిన్ పరిసరాలకు వచ్చాయి. 2003లో గూగుల్ తన యూరప్ ప్రధాన కార్యాలయానికి ఆ నగరాన్నే ఎంచుకుంది. తక్కువ కార్పొరేట్ పన్ను (2003 నుంచి 12.5 శాతం), ఇంగ్లిష్ తెలిసిన చదువుకున్న యువత, యూరోపియన్ యూనియన్ మార్కెట్.. ఇవే ఆకర్షణ.

వలస ఎలా మొదలవుతుంది?

పెట్టుబడి వచ్చాక ఉన్న ఊరి జనం సరిపోరు. అందుకే ప్రభుత్వం కొరత ఉన్న ఉద్యోగాలకు 'క్రిటికల్ స్కిల్స్' పర్మిట్ ఇస్తోంది. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ఆ జాబితాలో ఉన్నారు. ఫ్రెంచ్, జర్మన్ మాట్లాడే కస్టమర్ల కోసం ఆ భాషలొచ్చిన వాళ్లూ యూరప్ నలుమూలల నుంచి వస్తారు. ఇంతమంది చేరితే హోటళ్లకు, ఆస్పత్రులకు, ఇళ్ల నిర్మాణానికి కూడా మనుషులు కావాలి. అలా ఒక వలస ఇంకో వలసను పిలుస్తుంది. ఇళ్లు మాత్రం అంత వేగంగా పెరగలేదు. డబ్లిన్‌లో గది దొరకడమే పెద్ద పరీక్ష, అద్దెలూ భారమే.

రిస్క్ ఎక్కడ?

డబ్బు తెచ్చిన కంపెనీయే వెనక్కి తగ్గొచ్చు. 2022 నవంబరులో మెటా, ట్విటర్, స్ట్రైప్ ప్రపంచవ్యాప్తంగా ఉద్యోగాలు తగ్గిస్తే ఆ దెబ్బ డబ్లిన్‌కీ తగిలింది. పర్మిట్ ఒక కంపెనీ పేరు మీదే ఉంటుంది కాబట్టి విదేశీయులకు టెన్షన్ రెట్టింపు. పైగా ఇంటి దగ్గర ఎడ్యుకేషన్ లోన్ కంతులు ఆగవు.

అప్లై చేసే ముందు..

* ఆ నగరంలో మీ బ్రాంచి ఉద్యోగాలిచ్చే కంపెనీలు కనీసం పది రాసుకోండి. ఒకట్రెండు కంపెనీల మీదే బతికే ఊరైతే ఆలోచించండి.
* అక్కడున్నది ఇంజినీరింగ్ టీమా, సేల్స్ ఆఫీసా? లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగ ప్రకటనలు చూస్తే తెలిసిపోతుంది.
* చదువయ్యాక ఎన్నాళ్లు ఉండనిస్తారు? ఐర్లాండ్‌లో మాస్టర్స్ చేసినవారికి గరిష్ఠంగా రెండేళ్లు. పర్మిట్‌కి కావాల్సిన కనీస జీతం మారుతుంటుంది, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.
* ఫీజుతోపాటు ఏడాది అద్దె కూడా లెక్కేశాకే లోన్‌కి సంతకం పెట్టండి.