పాత కారునకు డిస్కు బ్రేకులు

కారు నడపనేర్చిన సోదరీమణులు నేడు పలువురు గలరు. అయినను బ్రేకుల ప్రసక్తి వచ్చినంతనే అది మరమ్మతుకారుని పని యని యూరకుందురు. ప్రాణములు ఆ చిన్న పెడలుమీద నాధారపడి యుండగా, దాని వెనుక జరుగునదేమో తెలిసికొనుట యుక్తమని మా తలంపు.

ఇంగ్లండులోని ఏబింగ్డన్‌లో 1955లో తయారగుట కారంభించిన ఎం.జి.ఏ. అను స్పోర్ట్సు కారును తీసికొందము. మొదట దాని నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. డ్రమ్మనగా చక్రముతో తిరుగు ఇనుప డోలు. పెడలు త్రొక్కగనే లోపలి షూలు విచ్చుకొని డోలు గోడ నొరయును, చక్రము నిలుచును. ఒరపిడివలన పుట్టిన వేడి, మూత వేసిన గిన్నెలోని వేడివలె త్వరగా బయటికి పోజాలదు. కొండదారిని దిగుచు మాటిమాటికి త్రొక్కినచో డోలు వ్యాకోచించి షూలకు దూరమగును, పట్టు సడలును. పెడలు క్రిందికి దిగును గాని కారు నిలువదు.

డిస్కు అట్లు గాదు. అట్లపెనమువంటి పళ్లెము గాలిలో తిరుగుచుండును. కాలిపరు పట్టుకారువలె దానిని ప్యాడ్లతో ఇరుప్రక్కల నొక్కును. వేడి గాలిలో గలియును. 1953లో ఫ్రాన్సునందలి లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమును రోల్టు, హామిల్టను అనువారలు డన్లపు డిస్కులుగల జాగ్వారు సి-టైపుపై గెలిచిరి. గంటకు సగటున 100 మైళ్లకు మించిన వేగముతో ఆ పందెమును గెలుచుట అదియే ప్రథమము. 1959లో వచ్చిన ఎం.జి.ఏ. 1600 ముందు చక్రములకును డిస్కులు నమర్చిరి.

కావున తొలినాటి కారుగలవారికి ఆ తరువాతి నమూనాయొక్క ముందు భాగములను బిగించుకొనుట సుకరము. వెనుక డ్రమ్ముల నుంచవచ్చును. బ్రేకు వేయగనే బరువు ముందునకు మొగ్గును గాన ముందు బ్రేకులదే అధికభారము. చేతిబ్రేకునకు డ్రమ్మే అనుకూలము.

పళ్లెము బిగించినంతనే పని ముగియదు. డ్రమ్ము షూ చక్రము తిరుగుడుచే తనంత తానే బిగియును. డిస్కునకు ఆ సాయము లేదు. కాన పెడలు గట్టిగా త్రొక్కవలసివచ్చును. మాస్టరు సిలిండరు తగినదగునో చూడవలెను. డ్రమ్ములకై గొట్టములలో ఒత్తిడిని నిలిపియుంచు కవాట మున్నయెడల, దానిని డిస్కుల త్రోవనుండి తొలగింపవలెను. లేనిచో ప్యాడ్లు పళ్లెమును విడువక యొరయుచు వేడెక్కును. చక్రము కాలిపరునకు తగులకుండ ఎడము కొలువవలెను. పాత రబ్బరు గొట్టములను, బ్రేకు ద్రవమును మార్చవలెను. ఆ ద్రవము తేమను పీల్చుకొనును. తేమ చేరినది వేడికి మరిగినచో పెడలు మెత్తబడి పట్టు తప్పును.

పూర్వరూపమును మార్చరాదను వారును గలరు. వారి మాట త్రోసివేయదగినది కాదు. కొలది దూరము మెల్లగా పోవు కారునకు, చక్కగా సరిచేసిన డ్రమ్ములు చాలును. కాని నేటి రాజమార్గములపై ముందు బండి చటుక్కున నిలుచును. వెనుకవారును అట్లే నిలువగలుగవలెను. అట్టి దారుల తిరుగువారు డిస్కులు వేయించి, తీసిన భాగములకు నూనె పూసి భద్రపఱచినచో పూర్వరూపమును నష్టముగాదు.

పని ముగిసినపిదప నిర్జనమైన మైదానమున మెల్లగా నడిపి, పెడలు గట్టిదనమును, కారు ఒక ప్రక్కకు లాగకుండుటను పరీక్షింపవలెను. కారు ఎంత సొగసైనదైనను, అది ఎంత దూరములో నిలుచునో చూచిన పిదపనే తనవారిని ప్రక్క నెక్కించుకొనుట మేలు.