కాగితపు మడతలు, చేతివేళ్లు

నేను 1988లో నర్సింగు శిక్షణలో చేరినప్పుడు, మొదటి వారంలో మాకు సూదిమందు వేయడం నేర్పలేదు. పాత న్యూస్‌పేపరుతో సంచి మడవడం నేర్పారు. డ్రెస్సింగు ట్రే సర్దితే కిడ్నీ ట్రే పక్కన పేపరు బ్యాగు ఉండి తీరాలి. అది లేకపోతే మా ట్యూటరు ట్రే అంతా వెనక్కి పంపేవారు. రాత్రి డ్యూటీలో రోగులు నిద్రపోయాక మేము కూర్చుని సంచులు మడిచేవాళ్లం. జిగురు ఉండదు, దారం ఉండదు. మడతే మడతను పట్టుకోవాలి. (ఇప్పుడు ఆ సంచులు డ్రెస్సింగుకు వాడం. రక్తం, చీము అంటిన దూది 2016 నిబంధనల ప్రకారం పసుపు సంచిలోకే వెళ్లాలి.)

ఇలా కత్తిరించకుండా, అతికించకుండా కాగితాన్ని మడిచి పక్షి, పువ్వు, పెట్టె చేసే విద్యను జపాను వారు ఓరిగామి అంటారు. వారి భాషలో ఓరి అంటే మడత, కామి అంటే కాగితం. పేరు కొత్తగా ఉన్నా పని మనకు కొత్త కాదు. వాన నీళ్లలో వదిలే కాగితపు పడవ, కొట్లో శనగపప్పు కట్టే పొట్లం, కాంపౌండరు పొడి మందు మడిచి ఇచ్చే చీటీ, అన్నీ ఆ కుటుంబంలోవే. 1893లో మద్రాసులో టి. సుందరరావు గారు కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే పుస్తకాన్ని ఇంగ్లీషులో అచ్చు వేయించారు. చిన్నపిల్లల కిండర్‌గార్టెన్‌లో కాగితం మడిచే పనిని చూసి ఆ ఆలోచన వచ్చిందని అందులో చెప్పుకున్నారు.

ఈ సంగతి ఆరోగ్య పత్రికలో ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. మూడేళ్ల క్రితం ఒక మామ్మగారు మణికట్టు విరిగి మన ఆసుపత్రికి వచ్చారు. ఆరు వారాల తరువాత పిండికట్టు తీశాం. ఎముక అతుక్కుంది కానీ వేళ్లు కట్టెల్లా బిగుసుకుపోయాయి. డాక్టరుగారు రబ్బరు బంతి ఇచ్చి రోజుకు ఇన్నిసార్లు పిసకమన్నారు. ఆవిడ బంతి పక్కన పడేశారు.

"ఈ బంతి పిసకటమేందమ్మాయ్, నేనేమన్నా పసిపిల్లనా?" అన్నారు.

నేను కేస్‌షీటులో "రోగి సహకరించడం లేదు" అని రాశాను. ఆ మాట రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఒక మధ్యాహ్నం ఆవిడ మంచం దగ్గర కూర్చుని, పక్క మంచం పిల్లవాడి కోసం న్యూస్‌పేపరుతో టోపీ మడుస్తున్నాను. ఆవిడ కాసేపు చూసి, "అట్టా కాదమ్మాయ్. మడత మీద గోరు ఆనిచ్చి లాగాల. లేకపోతే విచ్చుకుపోద్ది" అని కాగితం లాక్కున్నారు. అప్పుడు తెలిసింది, వారికి శావల్యాపురంలో కిరాణా కొట్టు ఉండేదని, పెళ్లయి వచ్చిన దగ్గర నుంచి ముప్ఫై ఏళ్లు పొట్లాలు మడిచింది ఆవిడేనని. ఆ రోజు రెండు మడిచేసరికి చెమట పట్టింది. పదో రోజుకు ఇరవై మడిచారు. మనవడు లెక్కపెట్టేవాడు. మూడు వారాలకు బొటనవేలు చిటికెనవేలిని తాకింది. పిడికిలి మాత్రం పూర్తిగా బిగియలేదు. పచ్చడి బండ పట్టుకోవడం ఇప్పటికీ కష్టమే అంటారు.

మడత చేసే మేలేమిటంటే, రెండు అంచులు కలపాలంటే బొటనవేలూ చూపుడువేలూ చిటికెడు పట్టు పట్టాలి, రెండో చెయ్యి కదలకుండా ఆపాలి, కన్ను కొలవాలి. గోటితో మడత రుద్దేటప్పుడు వేలికొస మీద బరువు పడుతుంది. లెక్క పెట్టి చేసే వ్యాయామం విసుగు పుట్టిస్తుంది కానీ, వస్తువు పూర్తవుతుంటే చెయ్యి తనంతట తాను ఇంకొకటి అందుకుంటుంది. చేతి చికిత్స చేసేవారు చాలాచోట్ల ఈ పనిని వాడతారు. అయితే మడతలతో వేళ్ల నేర్పు వస్తుంది, పిడికిలి బలం అంతగా రాదు. అందుకే బంతి మానకూడదు. మామ్మగారు చివరకు రెండూ చేశారు. చెయ్యి వాచినా, ఎర్రబడినా, నొప్పి రాత్రంతా ఉన్నా మడతలు ఆపి చూపించుకోవాలి.

ఇక కాగితాల సంగతి. చాలామంది "మాకు చేతకాదు" అనేది చేతి తప్పు కాదు, కాగితం తప్పు. పక్షికి పనికొచ్చే కాగితం పెట్టెకు పనికిరాదు.

నేర్చుకునేవారికి నోటుబుక్కు కాగితం, జెరాక్సు కాగితం మంచివి. జెరాక్సు కాగితం చదరపు మీటరుకు 70 నుంచి 80 గ్రాములు తూగుతుంది. మడత గట్టిగా నిలుస్తుంది, తప్పు మడిస్తే విప్పి మళ్లీ మడవవచ్చు. న్యూస్‌పేపరు దానిలో సుమారు సగం బరువే. మెత్తగా ఉంటుంది, ఒకే గీత మీద నాలుగుసార్లు మడిస్తే చిరుగుతుంది. కానీ పెద్దది కనుక వేళ్లు బిగిసినవారు దానితోనే మొదలుపెట్టాలి. చెక్క గుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం వల్ల ఎండకు పసుపెక్కుతుంది కాబట్టి అలంకరణకు పనికిరాదు. అచ్చు సిరా చేతికి అంటుతుంది, కడుక్కోండి. దానిలో బజ్జీలు, పునుగులు మాత్రం కట్టవద్దు. ఆహార భద్రతా సంస్థ 2016లోనే ఈ హెచ్చరిక చేసింది.

గాలిపటం కాగితం పల్చన. ఎన్ని పొరలు పడినా మందం రాదు, కనుక చిన్న పక్షులకు అదే సరి. చెమట చేతులకు రంగు దిగుతుంది. గ్లేజు కాగితం ఒక పక్క రంగు, ఒక పక్క తెలుపు. అలంకరణకు నాకు ఇష్టమైనది ఇదే, కారణం కింద చెబుతాను. పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌను పేపరు గట్టిది, పెట్టెలకు, సంచులకు బాగుంటుంది. పాత క్యాలెండరు మెరుస్తుంది కానీ మడత దగ్గర పై పూత పగిలి తెల్లగీత పడుతుంది. చాక్లెట్టు రేకు చెప్పినమాట వింటుంది, అయితే తప్పు మడత జన్మలో పోదు.

పెళ్లికార్డు, చార్టు లాంటి మందపు కాగితం మడిస్తే విరుగుతుంది. దీనికి జపానుకు చెందిన అకిరా యోషిజావా (1911–2005) ఒక ఉపాయం కనిపెట్టారు. మెరుపు పూత లేని మందపు కాగితాన్ని తడిగుడ్డతో కొద్దిగా చెమ్మ చేసి మడవాలి. ఆరిన తరువాత ఆ రూపం అలాగే బిగుసుకుంటుంది. పిండికట్టు కూడా తడిపి చుడితేనే కదా ఆరి గట్టిపడేది! మడతలను బాణాలతో, చుక్కల గీతలతో బొమ్మ గీసి చూపే పద్ధతిని తీర్చిదిద్దినది కూడా ఆయనే.

ఇంకొక రహస్యం, కాగితానికి పోగు ఉంటుంది. మిల్లులో తయారైన కాగితంలో నారలు ఎక్కువగా ఒకే దిక్కుకు పడుకుంటాయి. మట్టల ఆదివారం నాడు ఆకు మడిచి సిలువ చేసే పిల్లలకు ఇది తెలుసు. ఆకు ఈనె వెంట సులువుగా మడుస్తుంది, అడ్డంగా మడిస్తే మొరాయిస్తుంది. కాగితాన్ని మడవకుండా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగితే పోగు ఆ వైపు ఉన్నట్టు. ముఖ్యమైన పెద్ద మడత ఆ వెంట పడేటట్టు చూసుకోండి.

ఇప్పుడు సొంతంగా నమూనా కట్టడం. ఇదేదో పెద్ద చదువు అనుకోకండి. చేయాలనుకున్న వస్తువుకు కొసలు ఎన్నో ముందు లెక్కపెట్టాలి. కొంగకు తల, తోక, రెండు రెక్కలు, మొత్తం నాలుగు. చదరపు కాగితానికి మూలలు నాలుగు. అందుకే జపాను వారి కొంగ చదరంలో అంత చక్కగా ఇముడుతుంది. అదే సాలెపురుగు అయితే ఎనిమిది కాళ్లు కావాలి, ఎక్కువ మడతలు పడతాయి. రెండోది, పూర్తయిన బొమ్మను విప్పి పరచి గీతలు చూడాలి. ఏ గీత ఏ రెక్కయిందో తెలిస్తే, దాన్ని మార్చి వేరొకటి చేయవచ్చు.

మా వార్డులో పుట్టిన నమూనా ఒకటి చెబుతాను. గ్లేజు కాగితాన్ని నలుచదరంగా మడిచి నాలుగు మూలలూ మధ్యకు తెస్తున్నాను. మామ్మగారు చూసి, "పగిలిన పత్తికాయలాగుందే" అన్నారు. పత్తికాయ నాలుగైదు గదులుగా విచ్చుతుంది, మన కాగితానికి మూలలు నాలుగు. లెక్క సరిపోయింది.

చేసే విధానం: 20 సెంటీమీటర్ల చదరపు గ్లేజు కాగితం, గోధుమరంగుది తీసుకోండి. తెల్లవైపు పైకి ఉంచండి. రెండు ఐమూలలూ మడిచి విప్పితే మధ్య బిందువు దొరుకుతుంది. నాలుగు మూలలనూ ఆ బిందువుకు తెచ్చి మడవండి. ఇప్పుడు 14 సెంటీమీటర్ల గోధుమరంగు చదరం అవుతుంది, ఇది మూసిన కాయ. మధ్యలో కలిసిన నాలుగు కొసలనూ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పి, దాని అంచు వరకు మడవండి. మధ్యలో తెల్లని చదరం, చుట్టూ నాలుగు తెల్లని కొసలు కనబడతాయి. గోధుమరంగు మూలల్లోనే మిగులుతుంది. ఆ మూలలను కొంచెం వెనక్కి మడిస్తే కాయ గుండ్రంగా వస్తుంది. రెండు పక్కలా రంగున్న కాగితంతో చేస్తే దూది కనబడదు. చార్టుతో చేస్తే చివరి మడత పడనే పడదు. కాగితం ఎంచుకోవడమే సగం పని అన్నది ఇందుకే.

ఆ సంవత్సరం క్రిస్మసుకు పిల్లల వార్డు గుమ్మానికి పత్తికాయల దండ కట్టాం. మధ్యమధ్యలో ఎర్ర గాలిపటం కాగితంతో మిరపకాయలు మడిచి వేలాడదీశాం. పల్నాడు వార్డుకు అంతకంటే తగిన తోరణం ఏముంటుంది!

ఆసుపత్రి మంచం మీద కాగితం మడిచినవారిలో లోకమంతా ఎరిగిన పిల్ల సడాకో ససాకి. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు ఆమెకు రెండేళ్లు. 1955లో రక్తకాన్సరుతో అక్కడి రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో చేరింది. వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందని వారి నమ్మకం. కాగితం దొరకక, మందులు చుట్టి ఇచ్చిన కాగితాలు దాచుకుని చిన్న చిన్న కొంగలు మడిచింది. వెయ్యి దాటి మడిచిందని ఆమె అన్న చెప్పారు. అక్టోబరు 25న కన్నుమూసింది. మడతలు ఆ జబ్బును నయం చేయలేదు, చేస్తాయని మేమూ ఎవరికీ చెప్పం. అయినా మందు తిన్న తరువాత ఆ కాగితాన్ని పారేయకుండా దాచుకున్న ఆ పిల్ల నాకు రాత్రి రౌండ్లలో గుర్తొస్తుంది.

కొన్ని జాగ్రత్తలు. మూడేళ్లలోపు పిల్లలకు చిన్న మడతలు, రేకులు ఇవ్వకండి, నోట్లో పెట్టుకుంటారు. కాగితం కడగడానికి వీలుకాదు కనుక దగ్గు, చర్మవ్యాధి ఉన్నవారు మడిచిన బొమ్మ పక్క మంచానికి వెళ్లకూడదు, వారితోనే ఇంటికి వెళ్లాలి. షుగరు ఉండి వేళ్లు తిమ్మిరెక్కేవారికి కాగితం అంచు కోసినా తెలియదు. పని అయ్యాక వేళ్లు వెలుతురులో చూసుకోండి. మిరపకల్లం నుంచి నేరుగా వచ్చేవారు చేతులు సబ్బుతో కడగనిదే పిల్లల కాగితం ముట్టవద్దు.

మందుల చీటీలు, ల్యాబు రిపోర్టులు దయచేసి మడవకండి. ఒక బాబు వాళ్ల తాతగారి ఈసీజీ కాగితంతో చక్కని పడవ చేశాడు. పడవ నిజంగా బాగుంది. డాక్టరుగారు దాన్ని విప్పి చదవాల్సి వచ్చింది.

ఓ.పి. గదిలో నంబరు పిలిచేవరకు ఖాళీగా కూర్చునేవారి కోసం నర్సుల బల్ల పక్కన బిస్కెట్ల డబ్బాలో చదరపు కాగితాలు కోసి పెట్టాం. గ్లేజు కాగితం త్వరగా అయిపోతోంది. ఇంట్లో ఒక పక్క ఖాళీగా ఉన్న నోటీసులు, పాత నోటుబుక్కులు ఉంటే తెచ్చి ఆ డబ్బాలో వేయండి.