ఆఖరి కార్డు వచ్చాక

సోమవారం మీటింగులో ఎడిటర్ గారు అడిగింది ఒక్కటే మాట. "అమెరికాలో పాత బేస్‌బాల్ కార్డులు ఇరవయ్యేళ్లు, ముప్ఫయ్యేళ్లు పోగేస్తారు కదమ్మా, సెట్టు మొత్తం పూర్తయ్యాక ఏం చేస్తారు? గురువారం సాయంత్రానికి కాపీ ఇచ్చెయ్."

మొదట నేనూ ధరల వెంటే పడ్డాను. పడకుండా ఉండలేం. 1952లో టాప్స్ కంపెనీ అచ్చేసిన మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 ఆగస్టులో వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. పేకముక్క కంటే ఇసుమంత పెద్దదైన అట్టముక్క అది. మంగళవారం రాత్రికి నా నోటుబుక్కు నిండా ఇలాంటి అంకెలే ఉన్నాయి. బుధవారం పొద్దున, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒకప్పుడు ప్రింట్ల విభాగానికి క్యూరేటర్‌గా ఉన్న హయట్ మేయర్ రాసుకున్న ఒక జ్ఞాపకం కంటబడింది. ఆ తర్వాత ఇక అంకెల మీదికి మనసు పోలేదు.

మేయర్ రాసింది జెఫర్సన్ బర్డిక్ గురించి. ఈయన న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ ఊరివాడు. 1900లో పుట్టాడు. విద్యుత్ పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. పెళ్లి లేదు. కీళ్లవాతం ఏటేటా ఒళ్లంతా బిగించేస్తోంది. సంపాదనలో మిగిలిందంతా కాగితం ముక్కల మీద పెట్టాడు. సిగరెట్ పెట్టెల్లో, మిఠాయి పొట్లాల్లో, బబుల్‌గమ్‌లో ఉచితంగా వచ్చే బొమ్మలు, పోస్టుకార్డులు, గ్రీటింగు కార్డులు, దుకాణాల ప్రకటన చీటీలు, అన్నీ ఏరుకున్నాడు. బేస్‌బాల్ కార్డులు అందులో ఒక భాగమే. అయినా ఆ భాగమే 30 వేలు దాటింది. అందరూ పారేసే సరుకు కాబట్టి దానికి పేర్లు లేవు, వరసలు లేవు. ఆయనే కూర్చుని ఒక్కో రకానికి ఒక అక్షరం, ఒక అంకె కేటాయించాడు. 19వ శతాబ్దపు పొగాకు కార్డులకు ఎన్, 20వ శతాబ్దపు వాటికి టి, గమ్ కార్డులకు ఆర్. అలా 'అమెరికన్ కార్డ్ క్యాటలాగ్' తయారైంది. ఇవాళ వేలం పాటల్లో అందరి నోటా వినిపించే టి-206 అన్న పేరు బర్డిక్ పెట్టిందే.

1947లో ఆయన తన సేకరణనంతా మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇవ్వడం మొదలుపెట్టాడు. డ్యూరర్, రెంబ్రాంట్ లాంటి మహా చిత్రకారులు చెక్కిన బొమ్మలున్న విభాగానికి సిగరెట్ పెట్టెల బొమ్మలు చేరాయి. అయితే మూటలు దింపేసి వెళ్లిపోవడం కాదు. వాటిని వరసగా ఆల్బమ్‌లలో అతికించి, పట్టిక రాసి ఇవ్వాల్సిన పని కూడా ఆయనదే. ఉద్యోగం వదిలాక 1959లో సామాను సర్దుకుని న్యూయార్క్ నగరానికే వచ్చేశాడు. మ్యూజియంలో ఒక బల్ల ఇచ్చారు. వంగని వేళ్లతో కార్డు తీయడం, జిగురు రాయడం, అతికించడం, మళ్లీ ఇంకో కార్డు. మొత్తం 3 లక్షల పైచిలుకు.

1963 జనవరి 10 సాయంత్రం ఐదింటికి ఆ పని అయిపోయింది. బర్డిక్ కష్టం మీద మెలికలు తిరుగుతూ కోటు తొడుక్కుని, ఇక తాను రానని మేయర్‌తో చెప్పి వెళ్లాడట. మర్నాడే ఆస్పత్రిలో చేరాడు. మార్చి 13న కన్నుమూశాడు.

ఎడిటర్ గారి ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఇది. ఇప్పటి సేకర్తలను చూస్తున్నంతసేపూ బర్డిక్ బల్ల నా కళ్ల ముందే ఉంది.

వెనకటి కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1880ల నాటికి సిగరెట్ కంపెనీలు పెట్టె నలగకుండా లోపల అట్టముక్క పెట్టేవి, దాని మీద ఆటగాడి బొమ్మ వేసేవి. 1909-11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన టి-206లో 524 కార్డులు. సేకర్తలు దాన్ని 'రాక్షసి' అంటారు. 1930లలో గమ్ కంపెనీలు దిగాయి. 1952లో టాప్స్ 407 కార్డుల పెద్ద సెట్టు తెచ్చింది. 1991లో పీఎస్ఏ అనే గ్రేడింగ్ సంస్థ మొదలై, పిల్లల ఆటవస్తువుకు 1 నుంచి 10 దాకా మార్కులు వేయడం వ్యాపారంగా స్థిరపడింది.

ఇక 'స్లాబ్' సంగతి. గ్రేడింగుకు పంపిన కార్డు నాలుగు మూలలూ, అంచులూ, పై తలమూ నిపుణులు చూస్తారు. బొమ్మ చుట్టూ ఉన్న తెల్ల అంచు నాలుగు వైపులా సమానంగా ఉందా, ఒక పక్కకు జరిగిందా చూస్తారు. ఎవరైనా అంచు కత్తిరించారా, రంగు వేశారా వెతుకుతారు. తర్వాత గట్టి పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పగలగొడితే తప్ప తెరవడానికి వీల్లేకుండా అతికేస్తారు. ఆ డబ్బానే స్లాబ్. పైన చీటీ మీద సంవత్సరం, కంపెనీ, ఆటగాడి పేరు, మార్కు, ఒక ధ్రువీకరణ నంబరు ఉంటాయి. 407 కార్డుల సెట్టు అంటే ఇలాంటివి 407 డబ్బాలు. ఒక్క బైండరులో ఒదిగేది కాస్తా బీరువా నిండుతుంది.

ఈ 407లో మొదటి కార్డు ఆండీ పాఫ్కోది. ఆయన మంచి ఆటగాడే, మాంటిల్ అంతటివాడు మాత్రం కాదు. ఆ రోజుల్లో పిల్లలు కార్డులను నంబరు వరసలో పేర్చి రబ్బరుబ్యాండు వేసేవారు. ఒకటో నంబరు పైన ఉంటుంది కాబట్టి రబ్బరు కోసేది పాఫ్కోనే, జేబులో రాసుకునేది పాఫ్కోనే, తడిసేది పాఫ్కోనే. అందుకే మచ్చలేని పాఫ్కో దొరకడం మహా కష్టం. పదికి పది వచ్చిన పాఫ్కో ఒకటి 1998లోనే 83 వేల డాలర్లకు పైగా పలికింది. ఒక రబ్బరుబ్యాండు తప్పించుకున్నందుకు ఆ ధర!

నాకు ఈ మోజు తెలుసు. చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో క్రికెటర్ల కార్డులు వచ్చేవి. మా అన్నయ్యా నేనూ వాటిని బోర్నవిటా డబ్బాలో దాచేవాళ్లం. ఉన్న ఆటగాడే మళ్లీ మళ్లీ వచ్చేవాడు, కావలసినవాడు రాడు. ఆ 'రాడు'లోనే ఉంది ఆకర్షణంతా.

అందుకే ఆఖరి స్లాబ్ పోస్టులో వచ్చిన రోజు సేకర్తకు సంతోషంతో పాటు చేతులు ఖాళీ అయిన దిగులూ కలుగుతుంది. రోజూ పొద్దున లేచి వేలం జాబితాలు చూసే అలవాటు ఉంటుంది, చూడాల్సింది మాత్రం ఉండదు. అక్కణ్నుంచి దారులు చీలతాయి.

ఎక్కువమంది చేసేది సెట్టును మళ్లీ అసంపూర్ణం చేసుకోవడం. పీఎస్ఏ నడిపే 'సెట్ రిజిస్ట్రీ'లో ఎవరి సెట్టు ఎంత మేలైనదో ర్యాంకులు ఇస్తారు. ఒక్కో కార్డుకు దాని విలువను బట్టి ఒక బరువు ఉంటుంది. మాంటిల్‌కు ఎక్కువ, అనామకుడికి తక్కువ. మార్కును బరువుతో హెచ్చవేసి, అన్నీ కూడి సగటు తీస్తారు. మన పిల్లల జీపీఏ లెక్కే ఇది. ఆరు వచ్చిన కార్డు తీసేసి ఏడు వచ్చింది పెడితే సగటు పెరుగుతుంది, ర్యాంకు ఒక మెట్టు ఎక్కుతుంది. పాతది అమ్మి, కొత్తది కొని, మళ్లీ అదే పని. దీన్ని 'అప్‌గ్రేడ్' అంటారు. పై ర్యాంకు వాడు సెట్టు అమ్ముకుంటే అతని కార్డుల కోసం కింది వాళ్లందరూ పోటీ పడతారు.

ఇంకొందరు జాబితానే పెంచుకుంటారు. 1952 టాప్స్‌లో మొదటి 80 కార్డులు రెండు రకాలుగా వచ్చాయి, వెనక ఎర్ర సిరా ఒకటి, నల్ల సిరా ఒకటి. రెండూ కావాలనుకుంటే 407 కాస్తా 487 అవుతుంది. జో పేజ్, జానీ సెయిన్ కార్డుల్లో ఒకరి వివరాలు ఇంకొకరి వెనక అచ్చయిన తప్పు ప్రతులున్నాయి, అవీ కావాలి. దీన్ని 'మాస్టర్ సెట్' అంటారు. టి-206లో అయితే వెనక వైపు సిగరెట్ కంపెనీల ప్రకటనలు మారుతూ ఉంటాయి. ఏ ఆటగాడు ఏ ప్రకటనతో వచ్చాడో లెక్కపెడితే వేలల్లో తేలుతుంది. దానికి ఒక జీవితకాలం చాలదు. చాలకపోవడమే వాళ్లకు కావలసింది.

మరి కొందరు పక్క సంవత్సరానికి నడుస్తారు. 1952 అయింది, 1953 పడదాం అంటారు. ఆ సెట్టులో 280 దాకా నంబర్లున్నా కార్డులు 274 మాత్రమే. ఆరు నంబర్లు అసలు అచ్చే కాలేదు. ఎంత డబ్బున్నా ఆ ఆరు గళ్లు నిండవు.

అమ్మేవాళ్లూ ఉన్నారు. అమ్మేటప్పుడు చాలాసార్లు సెట్టు సెట్టుగా పోదు. మొత్తం కొనగల ధనవంతుడు అరుదు, తన సెట్టులో లేని ఒక్క మంచి కార్డు కోసం ఎంతైనా పెట్టేవాడు సులువుగా దొరుకుతాడు. అందుకని వేలం సంస్థలు విడివిడిగా పాడిస్తాయి. ఇరవయ్యేళ్లు ఒక్కచోట చేర్చింది ఒక్క రాత్రిలో నలుమూలలకూ పోతుంది. మేజర్ లీగ్‌లో ఆడిన డిమిట్రీ యంగ్ పదికి పది వచ్చిన కార్డులే ఏరి పెట్టుకుని, 2012లో వేలానికి పెడితే 20 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఫ్లోరిడాలో టాంపాకు చెందిన ఒక నరాల వైద్యుడు కొవిడ్‌తో చనిపోయాక, 2021లో ఆయన సేకరణకు 2 కోట్ల డాలర్లు దాటి వచ్చింది.

చూపించేవాళ్లు కొందరున్నారు. నాకు వీళ్లంటే గౌరవం. పదికి పది వచ్చిన 1952 మాంటిల్ కార్డులు మూడే ఉన్నాయి. అందులో ఒకటి మార్షల్ ఫోగెల్ అనే సేకర్తది. 2018లో డెన్వర్‌లోని చరిత్ర మ్యూజియంలో దాన్ని మూడు రోజులు జనం చూడటానికి పెట్టించారు. అరిజోనా డైమండ్‌బ్యాక్స్ జట్టు యజమాని కెన్ కెండ్రిక్ 28 లక్షల డాలర్లు పెట్టి కొన్న టి-206 సెట్టులోని హోనస్ వాగ్నర్ కార్డును, తన మిగతా కార్డులతో పాటు కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ప్రదర్శనకు ఇచ్చాడు. పీఎస్ఏ మొట్టమొదట గ్రేడు వేసింది ఆ వాగ్నర్‌కే, ఎనిమిది మార్కులు. తర్వాత 2013లో, దాని అంచులు తానే కత్తిరించానని పాత డీలర్ బిల్ మాస్ట్రో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. మార్కు మీద నాకున్న అనుమానం ఇక్కడ పుట్టిందే. డబ్బా మీది అంకె కార్డు గురించి ఎంత చెబుతుందో, అంత దాచగలదు కూడా.

చాలా తక్కువమంది మాత్రం స్లాబులు పగలగొట్టేస్తారు. ప్లాస్టిక్ అంచులు జాగ్రత్తగా విరిచి, కార్డు బయటికి తీసి, గళ్ల పేజీలుండే బైండరులో వరసగా పెట్టుకుంటారు. మార్కు పోతుంది, అమ్మకపు విలువ పడిపోతుంది. దానికి బదులు ఒకటో నంబరు నుంచి ఆఖరి నంబరు దాకా పేజీలు తిప్పుకుంటూ చూసుకోవచ్చు, మనవడి ఒళ్లో పెట్టి చూపించవచ్చు. నన్నడిగితే సెట్టు పూర్తయిందనడానికి ఇంతకంటే మంచి అర్థం లేదు. బర్డిక్ జిగురు రాసిందీ ఇందుకే. వెనక జిగురు మరకంటే గ్రేడింగులో పెద్ద లోపం. ఆయన అతికించిన కార్డులకు గొప్ప మార్కులు రావు. వాటిలో ఒక వాగ్నర్ కూడా ఉంది. దానికి తన జాబితాలో ఆయన వేసిన ధర 50 డాలర్లు. 2022లో ఇంకో వాగ్నర్ కార్డు ధర 70 లక్షల డాలర్లు దాటింది. బర్డిక్ వాగ్నర్ మాత్రం వేలానికి రాకుండా మ్యూజియంలోనే ఉంది.

పేపరుక్లిప్పు గుర్తు

1933లో బోస్టన్‌లోని గౌడీ గమ్ కంపెనీ 240 కార్డుల సెట్టు వేసింది. నంబర్లు 240 ఉన్నాయి కానీ 106వ కార్డు ఎవరికీ రాలేదు. పిల్లలు గమ్ కొంటూనే ఉన్నారు. లేని కార్డు కోసం మళ్లీ మళ్లీ కొంటారని కంపెనీ దాన్ని కావాలనే ఆపింది. కోపం పట్టలేక కంపెనీకి ఉత్తరం రాసిన వాళ్లకు 1934లో ఆ కార్డు అచ్చేసి పోస్టులో పంపారు. దాని మీద ఉన్నది రిటైరై ఎన్నో ఏళ్లయిన నాప్ లాజోయ్. కార్డును ఉత్తరానికి పేపరుక్లిప్పు పెట్టి పంపారు కాబట్టి, ఇవాళ మిగిలిన లాజోయ్ కార్డుల్లో చాలావాటికి పై అంచున క్లిప్పు నొక్కు కనిపిస్తుంది. గ్రేడింగులో ఆ నొక్కుకు మార్కులు పోతాయి. ఒక పిల్లవాడు నిలదీసి సాధించుకున్నాడనడానికి గుర్తు కూడా ఆ నొక్కే.

సముద్రం పాలైనవి

1952 సెట్టులో మాంటిల్‌తో మొదలయ్యే 311 నుంచి 407 దాకా నంబర్లు ఆ ఏడాది ఆలస్యంగా, ఆటల కాలం ముగిసిపోయే వేళకు మార్కెట్లోకి వచ్చాయి. అమ్ముడుపోలేదు. టాప్స్‌లో ఆ సెట్టును రూపొందించిన సై బెర్గర్, గోదాములో మిగిలిన పెట్టెలను 1960లో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పడేయించానని తర్వాత స్వయంగా చెప్పుకున్నారు. ఆ సెట్టు పూర్తి చేయడం ఇంత కష్టం కావడానికి ఆ ఆలస్యమూ ఒక కారణం, ఆ సముద్రమూ ఒక కారణం.

న్యూజెర్సీలో మీ పిల్లలున్నారా? ఈసారి వెళ్లినప్పుడు ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ వెళ్లండి. మెట్రోపాలిటన్ మ్యూజియం అమెరికన్ విభాగంలో బర్డిక్ ఇచ్చిన బేస్‌బాల్ కార్డులను కొన్ని కొన్నిగా, మార్చి మార్చి ప్రదర్శిస్తారు. ఏవి పెట్టారో ముందు మ్యూజియం వెబ్‌సైట్లో చూసుకుని వెళ్లండి.