అంతర్జాలమందలి వరద పటములు – రైతులు వానిని చదువుకొను విధము

2022వ సంవత్సరము జూలై మాసమున గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు ఏటిగట్టు ప్రక్కనున్న యొక గ్రామములో వృద్ధుడగు సభ్యుడొకరు తన మనుమని ఫోను మా చేతికిచ్చి, “డిమాన్‌స్ట్రేటరు గారూ, గట్టు లోపలున్న మా వరిచేను మునిగిపోయినట్టు ఇందులో నీలంరంగు వేశారండి. పొద్దున్నే ఆ చేలో తిరిగొచ్చాను, నిక్షేపంలా ఉంది. లంకలో అరటితోట మొలలోతు నీళ్లలో ఉంటే దానికి మాత్రం రంగే లేదు. ఇదేం లెక్కండీ?” అని యడిగిరి. మేము అప్పటికప్పుడు తగిన సమాధానము చెప్పలేకపోయితిమి. పిమ్మట విచారించి తెలిసికొనిన సంగతులను సభ్యుల యుపయోగార్థము ఇచట వ్రాయుచున్నాము.

బడిలో చదువుకొను బాలురు నూనెకాగితముపై దేశపటము దింపుకొనుట మనమెరిగినదే. ఒక కాగితముపై నదులు, వేరొకదానిపై గ్రామములు, మరియొకదానిపై రోడ్లు, ఇంకొకదానిపై భూమి యెత్తుపల్లములు దింపి, అన్నిటిని ఒకదానిపై నొకటి పరచి వెలుతురునకు పట్టి చూచినచో ఏ గ్రామము ఏ పల్లములో నున్నదో ఒక్కసారిగా కనబడును. వరద పటమన్నది ఇంతియే. ఈ కాగితములను పొరలు అందురు. ప్రతి పొరలోను ప్రతి స్థలమునకు అక్షాంశ రేఖాంశములు వ్రాయబడియుండుటచే అవి జారిపోక ఒకదానిపై నొకటి సరిగా కూర్చుండును. ఇవి యన్నియు ఎక్కడనో యొక పెద్ద కంప్యూటరులో భద్రపరుపబడియుండును. ఫోనులో మనమడిగిన కొద్ది మేర ముక్క మాత్రమే అంతర్జాలము ద్వారా వచ్చును. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారి పని గల ఇస్రో సంస్థవారు 2009 నుండి భువన్ అను పేర నిట్టి పటములను ప్రజలకు చూపుచున్నారు. 1998 మొదలు 2022 వరకు దేశములో ఏయే ప్రాంతములు మునిగినవో ఉపగ్రహ చిత్రములనుబట్టి కూర్చిన గ్రంథమును 2023లో వెలువరించిరి.

ఇక వృద్ధుని ప్రశ్నకు వత్తము. వరద దినములలో ఆకాశము మబ్బు గ్రమ్మియుండును గనుక మామూలు ఛాయాచిత్రము పనికిరాదు. అందుచే రాడారు ఉపగ్రహములను వాడుదురు. 2022 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుండి పంపబడిన ఇ.ఓ.ఎస్.-04 అట్టిది. ఐరోపావారి సెంటినెల్-1 కూడ అట్టిదే. దాని చిత్రములు ఎవరికైనను ఉచితముగా లభించును. ఇవి మబ్బులగుండ రేడియో తరంగములను ప్రక్కవాటుగా పంపి, తిరిగివచ్చిన దానిని కొలుచును. చీకటిరాత్రి నిలుకడగానున్న చెరువుపై టార్చిలైటు ఏటవాలుగా వేసినచో వెలుగు ఆవలికి జారిపోవునేగాని మన కంటికి రాదు. గరుకు నేలపై వేసినచో కొంత వెలుగు మనవైపునకు తిరిగి వచ్చును. అట్లే చిత్రములో నల్లగా కనబడిన చోట నీరున్నదని లెక్క.

ఈ లెక్కలోనే చిక్కున్నది. అప్పుడే ఊడ్చిన వరిచేలో మనము కోరి నిలువ పెట్టుకొనిన నీరు కూడ ఉపగ్రహమునకు వరదనీటివలెనే నల్లగా కనబడును. వరదకు ముందు తీసిన చిత్రముతో సరిచూచి ఈ తప్పును కొంత దిద్దుదురుగాని, ఆ రెండు చిత్రముల నడుమ ఊడ్చిన చేను మునిగిన చేనుగానే మిగిలిపోవును. అరటితోట సంగతి దీనికి తలక్రిందులు. ఆకులు దట్టముగా కప్పుకొనియున్నచో తరంగములు ఆకుల మీదనే తగిలి మరలును. మొదళ్లలోని నీరు వానికి తెలియదు. కొబ్బరితోపులకును ఇదే గతి.

ఇంకొక లోపము కాలమునకు సంబంధించినది. సెంటినెల్ ఉపగ్రహమొక్కటి తన దారినే మరల వచ్చుటకు 12 దినములు పట్టును. వరద ఉద్ధృతి మంగళవారమున వచ్చి గురువారమునకు తీసిపోయి, ఉపగ్రహము శనివారమున వచ్చినచో అది చూచునది మిగిలిన నీరే. పలు ఉపగ్రహములను కలిపి వాడుటచే ఈ యెడము తగ్గినదిగాని తీరలేదు.

ఎత్తుపల్లముల పొరను గూర్చి మరింత జాగ్రత్త వలయును. 2000 ఫిబ్రవరిలో అమెరికావారి అంతరిక్ష నౌక 11 దినములు తిరిగి కొలిచిన యెత్తులనే నేటికిని పలు పటములలో వాడుచున్నారు. అందు ఒక్కొక్క గడి సుమారు 30 మీటర్ల చదరము, అనగా 22 సెంట్ల నేల. ఆ 22 సెంట్లకును ఒకే యెత్తు వ్రాయబడియుండును. ఏటిగట్టు అందు సరిగా కనబడదు. అంతేగాక అది నేలను గాక చెట్ల తలలను కొలిచిన చోట్లు పెక్కు. కోనసీమలో కొబ్బరితోపులన్నియు మెరకలుగా తోచి, వాని నడుమనున్న వరిచేలు గుంటలుగా తోచుటకు కారణమిదియే. డెల్టాలో అడుగు తేడాతో ఒక వీధి మునిగి ప్రక్క వీధి మిగులును. మీటర్ల కొలది పొరబాటు గల పటమును నమ్మి గొడ్లను ఏ మెరకకు తోలవలెనో నిర్ణయించుకొనుట ప్రమాదకరము. ఆ సంగతి గ్రామమందలి పెద్దలకే యెక్కువగా తెలియును.

అయినను ఈ పటములు నిరుపయోగములని మేము చెప్పుటలేదు. నీటిమట్టముల విషయములో ఇవి మిక్కిలి మేలైనవి. 1958లో యమునానదిపై వరద సూచనల పని నారంభించిన కేంద్ర జలసంఘమువారు నేడు పలు నదుల మట్టములను పటముమీద చుక్కలుగా చూపుచున్నారు. 2023లో ఫోనులకై ప్రత్యేకముగా ఫ్లడ్‌వాచ్ అను సాధనమును కూడ ఇచ్చిరి. పసుపు చుక్క హెచ్చరిక. నారింజరంగు చుక్క ప్రమాద మట్టము దాటినదని గుర్తు. ఎరుపు చుక్క ఇంతవరకెరిగిన అత్యధిక మట్టము దాటినదని గుర్తు. భద్రాచలము చుక్క రంగు మారినపుడు దిగువ లంకలవారికి ధాన్యము, పశువులు, మోటార్లు తరలించుకొను వ్యవధి కొంత దొరకును.

భద్రాచలమువద్ద 43, 48, 53 అడుగులు మూడు హెచ్చరికలు. ధవళేశ్వరమువద్ద 11.75, 13.75, 17.75 అడుగులు. ఈ రెండు కొలబద్దల సున్నలు వేరువేరు గనుక ఒకదానితో నొకటి పోల్చరాదు. భద్రాచలములో 53 అడుగులన్నంత మాత్రమున మన వీధిలో 53 అడుగుల నీరు వచ్చునని భయపడినవారిని మేము చూచితిమి! అదే కొలబద్దపై పాత వరదలతో పోల్చుకొనుటయే సరియైన పద్ధతి. అచట 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదైనవి.

నష్టపరిహారము మాట వచ్చినప్పుడు ఈ చర్చ వినోదము కాదు. పంటనష్టము 33 శాతము గాని అంతకుమించి గాని యున్నచోనే పెట్టుబడి రాయితీకి అర్హత. ఆ వృద్ధుని అరటితోటవంటివి పటములో పొడిగా కనబడినపుడు, తోట మునిగినదని చూపు సాక్ష్యము రైతు చేతిలో నుండవలెను. ఫోనులో స్థలసూచన తెరచియుంచి ఛాయాచిత్రము తీసినచో అక్షాంశ రేఖాంశములు, తేది, వేళ దానితోనే నమోదగును. చెట్టు మొదటను నీటి లోతు తెలియునట్లు గుర్తులు గల కర్రను నిలిపి తీయవలెను. సర్వే నంబరు కాగితముపై వ్రాసి చిత్రములో పడునట్లు పట్టుకొనవలెను. నీరు తీయకముందే తీయుట ముఖ్యము. పంటల పరిశీలనకు వచ్చిన అధికారికి దాని నకలు ఇచ్చి, మరియొక నకలు సంఘము కార్యాలయములో ఉంచవలెను.

ఆ గ్రామపు సంఘము గిడ్డంగి గోడపై 1986 నాటి నీటిగుర్తు ఉండెడిదట. సున్నము వేసినపుడెల్ల మరుగుపడి, ఇప్పుడు ముగ్గురు వృద్ధులు మూడు చోట్లు చూపుచున్నారు. 2022 నాటి మట్టమును మాత్రము కార్యదర్శిగారు ఉలితో గాడి చెక్కించి, తేదిని కూడ చెక్కించిరి. ఇట్టి గాడులు ఊరూర నున్నచో వాని స్థలములను, ఎత్తులను పటములోనికి ఎక్కించుట సులభము. తమ గ్రామములలో నున్న గుర్తులను, గట్టులకు గండ్లు పడిన చోట్లను సభ్యులు వ్రాసి పంపినచో సంఘము కార్యాలయములో ఒక పుస్తకమున కెక్కించుటకు మేము సిద్ధముగా నున్నాము.