మీకు తెలుసా? సమ్మె చూపిన దగ్గరిదారి

2014 ఫిబ్రవరిలో లండన్ భూగర్భ రైళ్లలో రెండు రోజుల సమ్మె జరిగితే, దాని దెబ్బ తగిలిన నిత్య ప్రయాణికుల్లో సుమారు 5 శాతం మంది సమ్మె ముగిశాక కూడా పాత దారికి తిరిగి వెళ్లలేదు. అంతకన్నా మంచి దారి పక్కనే ఉందని వాళ్లకు అప్పుడే తెలిసింది మరి!

ఈ సంగతిని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఆర్థికవేత్తలు ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డుల లెక్కల్లోంచి తవ్వితీశారు. గేటు దగ్గర కార్డు ఆనిస్తే చాలు, ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగారో, ఎంతసేపు పట్టిందో నమోదైపోతుంది. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. పైగా స్టేషన్లన్నీ మూతపడలేదు కాబట్టి, దారి మూసుకుపోయినవాళ్లనీ మూసుకుపోనివాళ్లనీ పోల్చి చూడగలిగారు.

ఆ మంచి దారి ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదంటే, కొంత తప్పు భూగర్భ రైళ్ల మ్యాపుదే. 1933లో అచ్చయిన, హ్యారీ బెక్ గీసిన మ్యాపు బాణీయే ఇప్పటికీ నడుస్తోంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, దూరాల దగ్గర మాత్రం నమ్మలేం. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కి 300 మీటర్లు కూడా లేదు. కిందికి దిగి, రైలు కోసం నిలబడి, మళ్లీ లిఫ్టులో పైకి వచ్చేలోపు నడిచే చేరిపోవచ్చు. మ్యాపు ఎక్కువగా వంకరపోయిన ప్రాంతాల్లోనే దారి మార్చుకున్నవాళ్లూ ఎక్కువట.